పిడికెడు తవుడు

పార్సిప్పనీ
అక్టోబరు 12, 2024

షామ్‌బర్గ్‌లో ఉన్న నా మేనకోడలు ఫెబీకి, మోకాళ్ళ నొప్పి తప్ప వేరే లోటు లేని జ్ఞానప్రసూన అత్త రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లో పదకొండు తప్పులు. ఎర్ర పెన్నుతో దిద్ది ఇందులోనే పెట్టాను, చూసుకో. నీకు ఎనిమిదేళ్ళప్పుడు, నేను మిషిగన్‌లో నోవై వదిలి ఇక్కడికి వచ్చేసిన రోజున పెట్టుకున్న ఒప్పందం ఇప్పటికీ అమల్లోనే ఉంది. ఫోన్లో అయితే నాలుగో మాటకే ఇంగ్లీషులోకి జారుకుంటావు. అందుకే ముఖ్యమైన సంగతులన్నీ కాగితం మీద, తెలుగులో.

ఇక అసలు విషయం. బంగారంలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, రెండేళ్ళు మళ్ళీ చదువుకుని, చివరికి చేరింది తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కునే ఆఫీసులోనా? మొన్న ఆదివారం చర్చి అయ్యాక లూసీ అడిగింది, "మీ ఫెబీ ఇప్పుడేం చేస్తోందండీ?" అని. చెప్పాను. పక్కనే ఆడుకుంటున్న మనవణ్ణి చటుక్కున ఒళ్ళోకి లాక్కుంది! మా ఫెబీ ఉండేది ఇలినాయిలో, న్యూజెర్సీలో కాదమ్మా అన్నా వదల్లేదు.

నేను నవ్వేశాను గానీ ఇంటికొచ్చాక మనసు బాగాలేదు. పిల్లల జోలికి వెళ్ళే పని ఎందుకే నీకు? అందరూ చేస్తారు, నువ్వు మాత్రం వద్దు. కారణం అడక్కు. చలికాలం వచ్చేస్తోంది, బండి నెమ్మదిగా నడుపు.

తిట్టినా నీదే అయిన
అత్త


షామ్‌బర్గ్
అక్టోబరు 27, 2024

అత్తకి, ఈసారి తప్పులు పదికి మించవని మాటిస్తూ ఫెబీ.

ముందు లూసీ ఆంటీకి చెప్పు. పిల్లల్ని తీసుకెళ్ళేది మేం కాదు. ఎవరో పిల్లల రక్షణ హాట్‌లైన్‌కి ఫోన్ చేస్తారు, విచారణ వాళ్ళు వెళతారు, జడ్జి ఆర్డర్ వేస్తారు. అప్పుడు ఆ పిల్లల్ని వేరే కుటుంబంలో పెడతారు. వాళ్ళని చూసుకోవడం, వీలైతే తిరిగి ఇల్లు చేర్చడం మా ఏజెన్సీ పని. మేం మనుషులమే అత్తా, పిల్లల్ని తినం.

మా ఆఫీసులో నలభై రెండు మంది కేస్‌వర్కర్లం. అందులో ముప్ఫై మందికి పైగా తెల్లవాళ్ళు. మా దగ్గరున్న పిల్లల్లో మాత్రం సగానికి పైగా నల్లజాతి పిల్లలు. ఇది చూసి పైవాళ్ళకి ఇన్నాళ్ళకి సిగ్గేసి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ పుణ్యమే నా ఉద్యోగం. చేరిన మూడో రోజే నన్ను నవ్వమని ఫొటో తీసి లాబీలో పోస్టర్ పెట్టారు. మా సూపర్‌వైజర్ డెనీస్ నల్లజాతి ఆవిడ, ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ పోస్టర్ ముందు నిలబడి ఏమందో తెలుసా? "నా ఫొటో కూడా ఒకప్పుడు అక్కడే ఉండేది. మొహం కావాలని పిలుస్తారు. ఆ మొహానికి తెలిసినవన్నీ మాత్రం గుమ్మం బయట వదిలి రమ్మంటారు."

నాకు ఇచ్చిన మొదటి కేసే తెలుగు పాపది. అసలు పేరు రాయకూడదు, రూల్. ఆరేళ్ళు. బళ్ళో మీ ఇంటి కథ చెప్పమంటే, "నేను పుట్టగానే మా అమ్మ నన్ను ఒక ఆంటీకి అమ్మేసింది" అందట. టీచర్ భయపడి హాట్‌లైన్‌కి ఫోన్ చేసింది. విచారణకి వెళ్ళినవాళ్ళు ఫోన్లో హిందీ దుబాసీని పెట్టారు. తల్లికి హిందీ అంతంత మాత్రం. "పిల్లని అమ్మిన మాట నిజమేనా?" అంటే నిజమే అంది. "ఎందుకు?" అంటే బతకాలని అంది. అంతకు ముందు పుట్టిన ఇద్దరూ పసికందులుగానే పోయారని కూడా తనే చెప్పింది. ఇక చూడు, అమ్ముడుపోయిన పిల్ల, ముందు రెండు చావులు. ఆ సాయంత్రమే పాపని తీసుకొచ్చేశారు. తండ్రి ఊళ్ళో కూడా లేడు.

రెండు నెలలుగా ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడటం లేదు. పెదవులు గట్టిగా బిగించి గోడవైపు తిరిగి కూర్చుంటుంది. తిండి కూడా సరిగ్గా తినదు. నేను తల్లిని చూపించడానికి కార్‌లో తీసుకెళుతూ తెలుగులో, "ఏం పేరమ్మా నీది?" అన్నాను. అద్దంలో నన్ను చాలాసేపు చూసింది. తరవాత నోరు తెరవకుండానే, పళ్ళ సందుల్లోంచి, "తవిటి" అంది. ఇంకాసేపటికి, "నువ్వు నన్ను ఎంతకి కొన్నావు?" అంది.

సరిగ్గా అప్పుడే వెనక సీట్ల బెల్టు అలారం మోగింది. పాప మధ్య సీట్లో ఉంది, బెల్టు పెట్టే ఉంది. అటొకటి, ఇటొకటి, ఖాళీ సీట్లు రెండింటికీ ఎర్ర లైటు, ఎవరో కూర్చుని బెల్టు పెట్టుకోనట్టు. ఏదో సెన్సర్ అనుకో. అయినా రాస్తున్నాను.

అత్తా, నాయనమ్మ నన్ను కూడా తవిటీ అనే కదా పిలిచేది? ఎందుకు?

ఫెబీ


పార్సిప్పనీ
నవంబరు 8, 2024

ఫెబీకి, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని నీ ఉత్తరం చదివిన అత్త.

తప్పులు తొమ్మిది. మెరుగే.

నాయనమ్మ నిన్ను ముద్దుకి నానా రకాలుగా పిలిచేది. వాటికి అర్థాలు వెతక్కు. మనం దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం, మనకి ఇలాంటివి లేవు. ఆ పాప సంగతి రాశావు కాబట్టి, వాళ్ళ ఆచారం గురించి విన్నది చెబుతాను.

ఒక తల్లికి పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తరవాత పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెడతారు. గడపకి ఇవతల తల్లి, అవతల కొనేవాళ్ళు నిలబడతారు. కొనేవాళ్ళు పిడికెడు తవుడు తల్లి చేతిలో పోసి బిడ్డని అందుకుంటారు. ఆ తరవాత "నా బిడ్డే, నువ్వు పెంచి పెట్టు" అని తల్లికే అప్పగించి వెళ్ళిపోతారు. బిడ్డకి తవిటమ్మ అనో తవిటయ్య అనో పేరు. ముందు పిల్లల్ని తీసుకుపోయినదేదో అది మళ్ళీ వచ్చి అడిగితే, "నాది కాదు, తవుడుకి అమ్మేశాను, ఊరికే పెంచుతున్నాను" అని తల్లి చెప్పాలి. అంత చవకైన దాన్ని అది ముట్టుకోదట.

తల్లి ఆ తవుడు దాచి ఉంచుతుంది. బిడ్డకి మొదటి పాలపన్ను ఊడేలోపు దాన్ని కొన్నావిడకి తిరిగి పోసి బిడ్డని వెనక్కి తెచ్చుకోవాలి. అప్పటిదాకా తల్లి నోటితో "నా బిడ్డ" అనకూడదు. అంటే వినేది వింటుంది.

ఆరేళ్ళన్నావు. పన్ను కదులుతోందా? కనుక్కో. కొన్నావిడ ఎక్కడుందో కూడా కనుక్కో.

కార్‌లో లైటు వెలిగితే వెనక్కి తిరిగి చూడకు. సర్వీసింగ్‌కి ఇవ్వు. నీ కోసం, ఆ పాప కోసం శుక్రవారం ఉపవాస ప్రార్థనలో విన్నపం పెట్టాను. పేరు చెప్పలేదులే, నాకూ తెలియదుగా.

అత్త


షామ్‌బర్గ్
నవంబరు 30, 2024

అత్తా,

నువ్వు చెప్పినట్టే అయింది. పన్ను కదులుతోంది. కింద, ముందు పన్ను. అందుకే ఆ పిల్ల పెదవులు బిగించుకుని ఉంది! అందుకే తినడం లేదు, మాట్లాడటం లేదు. నాలుకతో ఆ పన్నుని లోపలికి నొక్కి పట్టుకుని మూడు నెలలుగా కాపలా కాస్తోంది. వెనక్కి కొనుక్కోకముందే ఊడిపోతే ఏమవుతుందో తనకి తెలుసు. ఫైల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లు రాసి ఉన్నాయి. నలుగురు నిపుణులు చూశారు. నోట్లో ఏముందని ఒక్కరూ అడగలేదు.

పాపని పెట్టిన ఇంటావిడ చాలా మంచిది. పన్ను సంగతి తెలిసి ధైర్యం చెప్పబోయింది. "పన్ను ఊడితే దిండు కింద పెట్టుకో. నువ్వు నిద్రపోయాక ఒక దేవకన్య చప్పుడు చేయకుండా గదిలోకి వస్తుంది. పన్ను తీసుకుని, దాని బదులు డబ్బులు పెట్టి పోతుంది" అంది. ఇక్కడి పిల్లలందరికీ అది సరదా. మన పిల్లకి ఎలా వినపడి ఉంటుందో ఊహించు. ఎవరో వస్తారు, తీసుకుంటారు, ఖరీదు పెట్టి పోతారు. ఆ రోజు నుంచి పాప పడుకోవడం కూడా మానేసి కూర్చుంటోంది.

కొన్నావిడ కిందటేడు చనిపోయిందట. ఆ తల్లే చెప్పింది, చాలా మెల్లగా, చుట్టూ చూస్తూ. ఇక ఎవరికి తవుడు పోసి తెచ్చుకోవాలి?

మొన్న కోర్టులో జడ్జి ఆవిణ్ణి సూటిగా అడిగారు, "ఈ పాప మీ బిడ్డేనా?" అని. ఆవిడ తల వంచుకుంది. "పెంచుతున్నాను" అంది. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే మాట. తల్లే కాదనుకుంటోందని రాసుకున్నారు. అత్తా, నేను ఆవిడ మొహం చూశాను. నా బిడ్డ అంటే బిడ్డ పోతుంది. అనకపోతే బిడ్డని పోగొట్టుకుంటుంది. కనీసం ఎక్కడో ఒకచోట బతికి ఉంటుందని రెండోది ఎంచుకుంది.

ఇక నీ సంగతి. నీ ప్రార్థన విన్నపం లూసీ ఆంటీ వాట్సాప్‌లో పెట్టింది. అక్కణ్ణుంచి నోవై చర్చికి వెళ్ళింది, అక్కణ్ణుంచి షామ్‌బర్గ్‌కి వచ్చింది. "తవుడుకి అమ్మిన పాప, ఫెబీ కేసు" అని! పాప తండ్రిని ఇండియన్ స్టోర్స్‌లో ఎవరో ఆపి, మీ కోసం ప్రార్థిస్తున్నామండీ అన్నారట. ఆయన లాయర్‌కి చెప్పాడు, లాయర్ మా ఆఫీసుకి చెప్పాడు. గోప్యత పోయింది, పైగా నీది అదే కమ్యూనిటీ, నిష్పక్షపాతంగా ఉండలేవు అని నన్ను కేసు నుంచి తీసేశారు. తప్పు నాది, నీకు రాయకుండా ఉండాల్సింది. కానీ రెండో మాట విని డెనీస్ ఊరుకోలేదు. "తెల్ల కుటుంబం కేసు తెల్ల వర్కర్‌కి ఇచ్చినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేయరేం?" అని మీటింగ్‌లో అడిగింది.

పోస్టర్ మాత్రం తీయలేదు.

ఫెబీ

కార్ సర్వీసింగ్‌కి ఇచ్చాను. ఏ లోపమూ లేదన్నారు.


పార్సిప్పనీ
డిసెంబరు 9, 2024

ఫెబీకి, తల వంచుకుని అత్త.

నా నోట్లో నువ్వుగింజ నానదు. నీకు తెలుసు, నాకూ తెలుసు. లూసీతో మాట్లాడటం మానేశాను. నన్ను క్షమించు.

కానీ ఒక మాట చెప్పనా? జరిగింది మంచికే. నిన్ను కేసులోంచి తీసేశారు కదా, అలాగే ఉండిపో. వేరేవాళ్ళు చూసుకుంటారు. ఎవరైనా సాక్ష్యానికి పిలిచినా వెళ్ళకు. ముఖ్యంగా "అదంతా ఉత్తుత్తి అమ్మకం, పిల్ల తల్లిదే" అని నీ నోటితో అనకు. నీకు చేతులెత్తి మొక్కుతాను, ఆ మాట మాత్రం అనకు.

ఇప్పుడు కూడా ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకవు కదా? చిన్నప్పుడు నేర్పించాను. గుర్తుంచుకో.

అత్త


షామ్‌బర్గ్
డిసెంబరు 20, 2024

అత్తా,

చేతులెత్తి మొక్కుతానని రాశావు. చదివి చాలా కోపం వచ్చింది. కోపంలో తెలుగు బాగా వస్తోంది, తప్పులు లెక్కపెట్టుకో.

తల్లి తరఫు లాయర్ నన్ను సాక్షిగా పిలిచింది. జనవరి పదహారు. ఆఫీసువాళ్ళు నువ్వు వెళ్ళకపోతే బాగుంటుంది అంటున్నారు. నువ్వూ అదే అంటున్నావు. వాళ్ళకి ఏజెన్సీ పరువు. నీకేమిటి? మన చర్చివాళ్ళు ఫెబీ మూఢనమ్మకాల మీద కోర్టులో మాట్లాడిందట అనుకుంటారనా? మనకి ఇలాంటివి లేవు అని రాశావు. అది చదివినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నువ్వు కూడా నన్ను పోస్టర్‌గానే ఉండమంటున్నావు. నవ్వాలి, మాట్లాడకూడదు.

కొత్త వర్కర్ పాపతో కళ్ళు కలపమని ప్రాక్టీసు చేయిస్తోంది. పన్ను ఒక్క దారం మీద ఉంది. ఆ ఇల్లు, ఆ కోర్టు, మా ఆఫీసు, మొత్తం కలిపి ఆ పిల్ల ఎందుకు నోరు తెరవదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేనూ నోరు మూసుకుంటే ఇక నన్ను పెట్టుకున్నది ఎందుకు?

ఇప్పుడు నా కార్‌లో పాప లేదు. అయినా అలారం మోగుతోంది. రోజూ. రెండు వైపులా.

నేను వెళుతున్నాను. నువ్వు దీవించకపోయినా సరే.

ఫెబీ


పార్సిప్పనీ
జనవరి 3, 2025

నా ఫెబీ,

తప్పులు లెక్కపెట్టలేదు. ఈ ఉత్తరం నీకు తప్పకుండా అందాలి కాబట్టి రిజిస్టర్ చేయించాను. కూర్చుని చదువు.

నీకు ముందు మీ అమ్మకి ఇద్దరు పుట్టారు. నోవైలోనే. బాబుకి షాలోమ్ అని పేరు పెట్టాం, మూడు రోజులున్నాడు. తరవాత పాప. పేరు పెట్టేలోపే పోయింది. నేనప్పుడు అక్కడి ఆసుపత్రిలో ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఇద్దర్నీ అద్దం అవతల్నుంచి చూడటమే, ఎత్తుకోనివ్వలేదు.

నువ్వు పుట్టబోతున్నావనగా మీ నాయనమ్మ నర్సాపురం నుంచి వచ్చింది. పెట్టెలో బట్టల మధ్య చేట తెచ్చింది. మీ నాన్న చర్చిలో పెద్ద, ఇలాంటివి ఇంట్లో జరగనిచ్చే మనిషి కాదు. ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక, అపార్ట్‌మెంట్ కింద బట్టలు ఉతికే గది గుమ్మంలో అమ్మకం జరిగింది. ఫిబ్రవరి, బయట మోకాలి లోతు మంచు. నేనే మూడు ఊళ్ళు తిరిగి గుర్రాల దాణా అమ్మే చోట తవుడు పట్టుకొచ్చాను. మీ అమ్మ లోపల, నేను బయట. పిడికెడు తవుడు పోసి నిన్ను అందుకున్నాను. నిన్ను కొన్నది నేనే ఫెబీ.

మీ అమ్మ ఆ తవుడు నీలం రంగు బిస్కెట్ల డబ్బాలో దాచింది. అయిదేళ్ళు ఎంత జాగ్రత్తగా ఉందో! ఎవరైనా "మీ పాపా?" అంటే, "మా ఆడపడుచు బిడ్డండీ, పెంచుతున్నాను" అనేది. జనం నవ్వేవారు. తరవాతి ఆదివారం నిన్ను వెనక్కి ఇచ్చేద్దాం అనుకున్నాం. ఆ బుధవారం నిన్ను బళ్ళో చేర్పించడానికి వెళ్ళింది. ఫారం నింపుతూ అక్కడి ఆవిడ "మీ అమ్మాయా?" అంటే, పరాకున, సంతోషంలో, "అవును, నా బిడ్డే" అంది. ఇంటికొచ్చి నాకు చెప్పి ఏడ్చింది. శుక్రవారం మంచు మీద మీ అమ్మ కారు జారింది. నువ్వు బళ్ళో ఉన్నావు. నిన్ను వదిలి, ఆ మాట అన్నదాన్ని పట్టుకుపోయింది అది.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో కూడా చెప్పలేదు. మీ నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక నేను దూరం వచ్చేశాను, నీ మీద నా నోరు ఎక్కడ జారుతుందోనని. నువ్వు అనుకున్నట్టు చర్చికీ మర్యాదకీ భయపడి కాదు. ఆ గదిలో నిలబడి, అందరి ముందు, పిల్ల తల్లిదే అని నువ్వు అనేస్తే? నిన్ను ఇంకా ఎవరూ వెనక్కి కొనుక్కోలేదే! ఆ డబ్బా ఇప్పటికీ నా అలమారాలో ఉంది.

వెళ్ళాలనుకుంటే వెళ్ళు. ఆ పాప నోరు తెరవాలి. కానీ ఏ మాట అనాలో చూసుకుని అను.

నిన్ను కొన్న
అత్త


షామ్‌బర్గ్
జనవరి 25, 2025

అత్తకి, నీ సొత్తయిన ఫెబీ.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి అమ్మ కోసం ఏడ్చాను. రెండోసారి నీ కోసం. నేను రాసిన చెత్త అంతా నీళ్ళలో వదిలెయ్యి అత్తా.

పదహారో తారీకున వెళ్ళాను. నీ మాట గుర్తు పెట్టుకున్నాను. అది ఆట అనలేదు, ఉత్తుత్తిది అనలేదు. "నిజంగానే అమ్మింది" అన్నాను. ఏజెన్సీ లాయర్ కలం కింద పెట్టేశాడు. ఎందుకు అమ్ముతారో, గడపకి ఎవరు ఎటు నిలబడతారో, ఆ తల్లి ఏ మాట ఎందుకు అనలేదో, పాప నోట్లో ఏముందో చెప్పాను. "ఇదంతా మీకెలా తెలుసు?" అన్నాడు. "నన్నూ అమ్మారు" అన్నాను. "మిషిగన్‌లో, బట్టలు ఉతికే గదిలో." ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. జడ్జి ముందుకి వంగి, "ఇప్పుడు మీరు ఎవరికి చెందినవారు?" అన్నారు. "మా అత్తకి. పార్సిప్పనీలో ఉంటారు" అన్నాను. వెనక వరసలో డెనీస్ కళ్ళు తుడుచుకుంది.

విజయనగరం ఆసుపత్రి నుంచి కాగితాలు కూడా అప్పటికి తెప్పించారు. ఆ ఇద్దరు పసివాళ్ళూ నెలలు నిండక పుట్టి పోయారు, ఇందులో ఎవరి తప్పూ లేదు. జడ్జి ఆవిణ్ణి ఇక మీ బిడ్డేనా అని అడగలేదు. "పెంచుతారా?" అన్నారు. "పెంచుతాను" అంది. పాపని ఇంటికి పంపమని ఆర్డర్ వేశారు.

తీసుకెళ్ళడానికి తెలుగు వచ్చినవాళ్ళు ఇంకెవరున్నారు? డెనీస్ నా చేతికే కాగితాలిచ్చింది. మధ్యాహ్నం, మంచు కురుస్తోంది. పాప మధ్య సీట్లో. దారిలో అలారం మోగింది. "మీ అన్న, అక్కలా?" అన్నాను, ఎందుకన్నానో తెలియదు. పాప అటూ ఇటూ చూసింది. పళ్ళ సందుల్లోంచే, "మావాళ్ళు అమ్మ దగ్గరే ఉన్నారు. వీళ్ళు నీవాళ్ళు. మొదట్నుంచీ నీవాళ్ళే" అంది. "బాబు, పాప" అంది.

ఈ సంగతి ఆ పిల్లకి నేను చెప్పలేదు అత్తా.

గుమ్మంలో ఆ తల్లి నిలబడి ఉంది. సంతకం పెట్టమని ఫారం ఇచ్చాను. పెట్టలేదు. పాప వైపు చేయి కూడా చాపలేదు. చీర కొంగులోంచి చిన్న మూట తీసింది. "కొన్నావిడ లేదండీ. ఇప్పుడు పిల్ల మీ చేతిలో ఉంది. మీరే ఇవ్వాలి" అంది. ఏ ట్రైనింగ్‌లోనూ ఇది చెప్పలేదు. నేను మంచులో, ఆవిడ లోపల, మధ్యలో గడప. దోసిలి పట్టాను. తవుడు పోసింది. పాపని అటు అందించాను. పాప గడప దాటింది, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి నోరు తెరిచింది. పన్ను నేల మీద పడింది.

"నా బిడ్డ" అంది ఆ తల్లి. ఆరేళ్ళు దాచుకున్న మాట. "నా బిడ్డ, నా బిడ్డ" అని అంటూనే ఉంది. తండ్రి గోడకి ఆనుకుని ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను, ఫారం తడిసిపోయింది.

తిరిగి కార్ ఎక్కాను. వెనక ఎవరూ లేరు. స్టార్ట్ చేయగానే రెండు వైపులా ఎర్ర లైట్లు. రోడ్డంతా మంచు. అమ్మ కారు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూడలేదు. అద్దంలోకి కూడా చూడలేదు. నాకు వచ్చిన తెలుగంతా కూడదీసుకుని గట్టిగా అన్నాను: "ఈ పిల్ల మా అత్తది. పిడికెడు తవుడుకి కొనుక్కుంది. ఏమైనా అడగాలంటే పార్సిప్పనీ వెళ్ళి ఆవిణ్ణే అడగండి."

లైట్లు ఆరిపోయాయి. ఆ తరవాత ఇప్పటిదాకా మళ్ళీ వెలగలేదు.

అత్తా, భయంలో నోటికొచ్చింది అనేశాను. వాళ్ళని నీ మీదికి పంపించానా?

ఫెబీ


పార్సిప్పనీ
ఫిబ్రవరి 4, 2025

ఫెబీకి, క్షేమంగానే ఉన్న అత్త.

నువ్వు పంపినవాళ్ళు వచ్చారు.

నీ ఉత్తరం అందకముందే. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తింటున్నాను. బయట్నుంచి నా పేరుతో ఎవరో పిలిచారు. పలకలేదు. రెండోసారి పిలిచారు. మూడోసారి "అత్తా" అన్నారు. నన్ను అలా పిలిచేదానివి లోకంలో నువ్వొక్కదానివే. నీ గొంతు కాదు. చాలా చిన్న గొంతు.

భయం వేసింది, ఎందుకు వేయదు? అన్నం చేయి కడుక్కుని తలుపు తీశాను. కారిడార్‌లో ఎవరూ లేరు. అయినా అక్కడే నిలబడిపోయాను. నిలబడి ఉండగా నాకు తట్టింది. మీ అమ్మని తీసుకుపోయింది ఏదో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. కానీ వీళ్ళు అది కాదే! వీళ్ళు మా అన్నయ్య పిల్లలు. నా మేనల్లుడు, నా మేనకోడలు. వాళ్ళకి నిన్ను తీసుకుపోవాలని ఏం ఉంటుంది? చెల్లెల్ని కొన్నారు, మమ్మల్ని ఎవరూ కొనలేదేం అని ముప్ఫై ఏళ్ళుగా మన ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నారు, అంతే.

అలమారాలోంచి మీ అమ్మ డబ్బా తీశాను. తవుడు నల్లబడింది, పిడికెడే ఉంది. గడప అవతల చెరి సగం పోశాను. "షాలోమూ, పాపా, మిమ్మల్ని కూడా కొనుక్కున్నాను. లోపలికి రండి" అన్నాను. సాయంత్రం చూస్తే తవుడు లేదు. ఎలుకలు తిన్నాయంటావా, అను. నేను వాదించను.

ఒక్కటే చిక్కు. నిన్ను తిరిగి ఇవ్వడానికి ఇక తవుడు మిగల్లేదు. ఇచ్చేద్దామన్నా పుచ్చుకోవడానికి మీ అమ్మా లేదు. కాబట్టి ముప్ఫై ఏళ్ళుగా అనకుండా ఆపుకున్న మాట అనేస్తున్నాను. వినేది వింటే విననీ, నేను రొక్కంగా తవుడు పోసి కొన్నదాన్ని. నువ్వు నా బిడ్డవి. ముగ్గురూ నా బిడ్డలే.

డెనీస్‌కి నా నమస్కారం చెప్పు. పోస్టర్‌లో నీ జుట్టు సరిగ్గా దువ్వలేదు, ఫొటో మళ్ళీ తీయమను. లూసీతో మాట్లాడుతున్నాను, కానీ ఏమీ చెప్పడం లేదు. పోయిన ఉత్తరంలో తప్పులు నాలుగే. ఇక భయం లేకుండా బండి నడుపు.

నీ
అత్త